ఏ జెండా కిందా ఒదగని ఆగ్నెస్

మిస్సోరీ పల్లెలో పుట్టింది. కొలరాడో బొగ్గు గనుల నీడలో పెరిగింది. భారత స్వాతంత్ర్యం కోసం న్యూయార్క్‌లో జైలుకెళ్లింది. హైదరాబాద్ బిడ్డతో బెర్లిన్‌లో కాపురం చేసింది. చైనా గెరిల్లాల వెంట కాలినడకన తిరిగింది. ఆగ్నెస్ స్మెడ్లీ జీవితం ఇది.

1918 మార్చి. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతోంది. న్యూయార్క్‌లో ఓ ఇరవయ్యారేళ్ల అమ్మాయిని ప్రభుత్వ గూఢచారులు పట్టుకుపోయి జైల్లో పెట్టారు. ఆమె మీద మోపిన నేరాలు రెండు రకాలు. బ్రిటన్ మీద తిరగబడుతున్న భారతీయ విప్లవకారులకు తోడ్పడిందన్నది మొదటిది. దానికి గూఢచర్య చట్టం ప్రయోగించారు. పిల్లలు వద్దనుకునే స్త్రీలకు దారి చెప్పే కరపత్రాలు దగ్గర పెట్టుకుందన్నది రెండోది. గర్భనిరోధం గురించి సమాచారం పంచడం కూడా అప్పట్లో అక్కడ నేరమే.

ఆ అమ్మాయి పేరు ఆగ్నెస్ స్మెడ్లీ. భారతదేశాన్ని ఆమె అప్పటికి చూడలేదు, చనిపోయేదాకా చూడలేకపోయింది. అయినా ఆ దేశం కోసం జైలుకెళ్లింది. పరాయి దేశాల స్వేచ్ఛ, తన ఒంటి మీద ఆడదానికి ఉండాల్సిన హక్కు... ఈ రెండు పట్టుదలలూ ఆమెలో చివరిదాకా జంటగానే నడిచాయి. ఆమె పనిచేసిన ఉద్యమాలన్నీ మొదటిదాన్ని మెచ్చుకున్నాయి. రెండోదాన్ని కాస్త పక్కన పెట్టమన్నాయి. ఆమె పెట్టలేదు. ఆమె గొప్పతనమూ, ఆమె పడ్డ అగచాట్లూ అక్కడే ఉన్నాయని నా నమ్మకం.

బట్టలుతికే తల్లి

1892 ఫిబ్రవరి 23న మిస్సోరీ రాష్ట్రంలో ఆస్గుడ్ దగ్గర ఓ పేద కుటుంబంలో పుట్టింది ఆగ్నెస్. ఐదుగురు పిల్లల్లో రెండోది. తండ్రి చార్లెస్ ఒకచోట నిలిచి ఉండే మనిషి కాదు. ఎక్కడికో వెళితే దశ తిరుగుతుందని ఆయన ఆశ. అలా 1901లో భార్యాపిల్లల్ని కొలరాడోలోని ట్రినిడాడ్‌కు తీసుకొచ్చాడు. ఆ ఊరి చుట్టూ బొగ్గు గనులు. గనులు కంపెనీవి, కార్మికులుండే ఇళ్లు కంపెనీవి, ఉప్పూపప్పూ అమ్మే కొట్టు కూడా కంపెనీదే. వచ్చిన మూడేళ్లకు నదికి వరదొచ్చి వాళ్లకున్న కాస్త గూడూ పోయింది.

తల్లి సారా ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికింది. ఇంట్లో అద్దెకుండే వాళ్లకు వండి పెట్టింది. ఆగ్నెస్ బడి వదలగానే ఎవరింట్లోనో పనికి పోయేది. నగరంలో ఒళ్లమ్ముకుని బతికే పిన్ని పంపే డబ్బు ఆ ఇంటికి పెద్ద ఆసరా. పిల్లకు ఊహ తెలిసేనాటికి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు కనిపించారు. ఒకరు తాళి కట్టించుకున్నంత గౌరవంగా పెళ్లి చేసుకుని, మొగుడి తిట్లూ దెబ్బలూ తింటూ చాకిరీ చేస్తున్నారు. ఇంకొకరు పరువు పోగొట్టుకున్నారు గానీ తన డబ్బు తన చేతిలో ఉంది, తన మీద చెయ్యెత్తే మగవాడు లేడు. పెళ్లంటే ఆగ్నెస్‌కు జీవితాంతం ఉన్న భయానికి ఈ లెక్కే మూలం.

ఆమె ఆత్మకథాత్మక నవలలో చిన్నప్పటి ఘట్టం ఒకటుంది. బడిలో చదువులో ముందుండే పేదపిల్లను కలవారి అమ్మాయి పుట్టినరోజుకు పిలుస్తుంది. తనకు తెలిసినంతలో అరటిపండ్లే అన్నిటికన్నా ఖరీదైన వస్తువు. అమ్మను బతిమాలి కొనిపించుకుని పట్టుకెళుతుంది. అక్కడ బల్ల మీద మిగతా పిల్లలు తెచ్చిన కానుకలు చూశాక తన పొట్లం అక్కడ పెట్టాలంటే సిగ్గుతో కుంచించుకుపోతుంది. భోజనాల బల్ల దగ్గర ఏ చెంచా ఎలా పట్టుకోవాలో తెలీదు. ఎవరూ ఏమీ అనరు. అయినా ఆ ఇంట్లోంచి వీలైనంత త్వరగా బయటపడుతుంది. వర్గం అంటే ఏమిటో చెప్పడానికి పెద్ద పెద్ద సిద్ధాంత గ్రంథాలున్నాయి. ఆ పొట్లం చెప్పినంత సూటిగా చెప్పినవి తక్కువ.

1910లో తల్లి చనిపోయింది. సరైన తిండి లేక, పని ఎక్కువై, నడివయసు రాకుండానే. పెళ్లయిన అక్క కాన్పులో పోయింది. తల్లి మరణం తర్వాత జరిగింది నవలలో ఇంకా దారుణంగా ఉంటుంది. శవం ఇంకా ఇంట్లో ఉండగానే తండ్రి ఆమె పెట్టె వెతికి, మిగిలిన డబ్బు తీసుకుని తాగడానికి వెళతాడు. అంతకుముందు కాసేపు భార్య మీద పడి ఏడ్చిందీ ఆయనే. తండ్రిని ఆమె ద్వేషించలేదు. ఆయన్ని అలా తయారుచేసిన గనుల లోకాన్ని ద్వేషించింది.

1914లో ఆ ట్రినిడాడ్‌కు దగ్గర్లోని లడ్లోలోనే సమ్మె చేస్తున్న గని కార్మికుల గుడారాల మీద సాయుధ బలగాలు విరుచుకుపడ్డాయి. గుడారాలు తగలబడ్డాయి. కింద గోతిలో దాక్కున్న ఇద్దరు తల్లులూ 11 మంది పిల్లలూ ఊపిరాడక చచ్చిపోయారు. అప్పటికి ఆగ్నెస్ అక్కడ లేదు. కానీ తను ఎలాంటి మనుషుల మధ్య పెరిగిందో ఆమె ఎన్నడూ మర్చిపోలేదు.

లజపతిరాయ్ దగ్గర పాఠాలు

పదిహేడేళ్లకే పరీక్ష రాసి పల్లెటూరి బడిలో పంతులమ్మ అయింది. తర్వాత అరిజోనాలోని టెంపే టీచర్ల శిక్షణ కళాశాలలో చేరింది. అక్కడ పరిచయమైన స్నేహితురాలి తమ్ముడు ఎర్నెస్ట్ బ్రండిన్‌ను 1912లో పెళ్లాడింది. మంచివాడే. కానీ గర్భం అంటే ఆమెకు అక్క చావు, అమ్మ చావు గుర్తొచ్చేవి. రెండుసార్లు గర్భస్రావం చేయించుకుంది. ఆ పెళ్లి నిలవలేదు. శాన్ డియేగోలో ఉద్యోగం చేస్తున్న కళాశాల ఆమె సోషలిస్టు పార్టీలో ఉందని తీసేసింది. న్యూయార్క్ చేరింది.

1917లో అక్కడే ఓ ఉపన్యాస సభలో లాలా లజపతిరాయ్‌ను విన్నది. పంజాబ్ సింహం అప్పుడు అమెరికాలో ప్రవాసంలో ఉన్నారు. మాట్లాడాక వెళ్లి పలకరించింది. ఆయన ఆ అమ్మాయిలోని చురుకును, చదువులోని వెలితిని ఒకేసారి పసిగట్టారు. ఆమె ఆయనకు కార్యదర్శిగా పనిచేసింది, ఆయన ఆమెకు భారతదేశ చరిత్ర చెప్పారు. ఒక పెద్దమనిషి తనను కూర్చోబెట్టి ఓపిగ్గా చదువు చెప్పడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. తండ్రి నుంచి దొరకని ఆదరణ ఆయన దగ్గర దొరికింది. నవలలో ఆయన్ని వేరే పేరుతో తీర్చిదిద్దిన పుటల్లో ఆ కృతజ్ఞత నిండుగా కనబడుతుంది.

భారతీయుల్లో రెండు దారులున్నాయని ఆమెకు త్వరలోనే తెలిసింది. లజపతిరాయ్ చట్టబద్ధంగా ప్రచారం చేసే దారి. జర్మనీ సాయంతో ఆయుధాలు తెచ్చి తిరుగుబాటు చేయాలన్నది రెండోది. శైలేంద్రనాథ్ ఘోష్ లాంటి యువకులది రెండో దారి. ఆగ్నెస్ ఇటు మొగ్గింది. లజపతిరాయ్ వారించినా వినలేదు. ఉత్తరాలు దాచింది, చిరునామాలు దాచింది, పత్రికలకు ప్రకటనలు పంపింది. శాన్ ఫ్రాన్సిస్కోలో అదే దారిలోని గదర్ పార్టీ వీరుల మీద పెద్ద కుట్ర కేసు నడుస్తున్న రోజులవి. అరెస్టు తప్పలేదు.

జైల్లో ఆమెకు పట్టరాని దుఃఖం ఉండేది. దాన్ని పక్కనపెట్టి తోటి ఖైదీలను చూసింది. దొంగ చెక్కుల కేసులో వచ్చిన మనిషి, వీధి బతుకు బతికిన మనిషి, రష్యా మీద అమెరికా సైన్యం పంపొద్దని కరపత్రాలు వేసిన మోలీ స్టైమర్, వీధుల్లో నిలబడి కుటుంబ నియంత్రణ పత్రిక అమ్మిన కిట్టీ మారియన్. వీళ్ల గురించి రాసిన చిన్న చిన్న చిత్రణలు 1920లో 'న్యూయార్క్ కాల్' పత్రికలో వచ్చాయి. ఆగ్నెస్ కలం అసలు బలం ఏమిటో అక్కడే తేలిపోయింది. ఆమెకు సిద్ధాంతం కన్నా మనిషి ముందు కనిపిస్తాడు. ఆ మనిషి ఏం తిన్నాడు, చేతులెలా ఉన్నాయి, ఎవరికి భయపడుతున్నాడు... ఇవన్నీ అయ్యాకే రాజకీయం.

కేసులు చివరికి నిలవలేదు. బయటికొచ్చి తారక్‌నాథ్ దాస్ వంటి వారితో కలిసి 'ఫ్రెండ్స్ ఆఫ్ ఫ్రీడమ్ ఫర్ ఇండియా' సంస్థను నడిపింది. అమెరికా నుంచి భారతీయులను బ్రిటిష్ వాళ్ల చేతికి అప్పగించకుండా అడ్డుపడటం దాని ముఖ్యమైన పని. దేశం తిప్పి పంపితే వాళ్లకు అక్కడ ఉరికంబమే గతి.

సరోజిని తమ్ముడితో

1920 చివర్లో ఓడలో పని కుదుర్చుకుని యూరప్ ప్రయాణమైంది. రేవులో దిగి మళ్లీ ఓడెక్కలేదు. బెర్లిన్ చేరింది. అక్కడ కలిశాడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ. అందరూ 'ఛట్టో' అనేవాళ్లు.

ఛట్టో 1880లో హైదరాబాద్‌లో పుట్టాడు. నిజాం కళాశాలకు పునాది వేసిన అఘోరనాథ్ చట్టోపాధ్యాయ పెద్ద కొడుకు. తెలుగింటి కోడలైన సరోజినీ నాయుడికి తమ్ముడు. అబిడ్స్‌లో నేటికీ నిలిచి ఉన్న 'గోల్డెన్ థ్రెషోల్డ్' వీళ్ల కుటుంబపు ఇల్లే. బెంగాలీ, ఉర్దూ, తెలుగు, తమిళం, ఇంగ్లీషుతో మొదలుపెట్టి ఆ తర్వాత యూరప్ భాషలు ఎన్నో నేర్చుకున్నాడు. 1914లో బెర్లిన్‌లో భారత విప్లవ కమిటీ ఏర్పాటులో ముందున్నాడు. బ్రిటిష్ గూఢచారులు యూరప్ అంతా వెంటాడిన మనిషి.

ఇద్దరూ భార్యాభర్తలుగా బతికారు. లాంఛనంగా పెళ్లి కాలేదు. ఆయనకు అంతకుముందే పెళ్లయింది, ఆ భార్య సన్యాసినిగా మఠంలో చేరింది. ఆ ఇంటికి ఎప్పుడూ అతిథులే. బెర్లిన్ దిగిన ప్రతి భారతీయ విద్యార్థీ, ప్రతి ప్రవాసీ అక్కడికే. చేతిలో డబ్బు లేదు. వండి వార్చేది ఆగ్నెస్. ఆయన ఉద్యమానికి కావలసిన రాతకోతలు చూసేదీ ఆగ్నెసే. పైగా ఆమె గతం గురించి ఆయనకు అనుమానాలు, అసూయలు. దేశదేశాల విప్లవకారుడు ఇంట్లో మాత్రం భర్తే. 1921లో సోవియట్ సాయం కోసం ఇద్దరూ భారత ప్రతినిధి బృందంతో మాస్కో వెళ్లారు. భారత కమ్యూనిస్టు ఎం.ఎన్.రాయ్ వర్గంతో పోటీలో ఆ బృందం ఏమీ సాధించలేక తిరిగొచ్చింది. ఆగ్నెస్ ఆరోగ్యం, మనసు రెండూ చితికిపోయాయి. బెర్లిన్‌లో ఫ్రాయిడ్ పద్ధతిలో మానసిక చికిత్స తీసుకుంది. 1925 ప్రాంతంలో ఛట్టోను వదిలేసింది.

ఆయన మీద ప్రేమ మాత్రం పోలేదు. తర్వాత రాసిన పుస్తకాల్లో ఆయన గురించి రాసిన ప్రతిచోటా గౌరవం ఉంటుంది. ఛట్టో చివరికి సోవియట్ యూనియన్ చేరి లెనిన్‌గ్రాడ్‌లో పరిశోధకుడిగా పనిచేశాడు. 1930లలో ఆగ్నెస్ అక్కడికెళ్లి ఆయన్ని ఆఖరిసారి చూసింది. 1937లో స్టాలిన్ పాలనలోని ప్రక్షాళనల్లో ఛట్టోను అరెస్టు చేసి కాల్చి చంపారు. హైదరాబాద్ చరిత్ర చెప్పుకునేటప్పుడు అక్క పేరు వినిపించినంతగా ఈ తమ్ముడి పేరు వినిపించదు. వినిపించాలి.

'భూమి పుత్రిక'

కాపురం కూలాక, 1925లో డెన్మార్క్‌లో కూర్చుని తన కథ రాయడం మొదలుపెట్టింది. 1929లో న్యూయార్క్‌లో 'డాటర్ ఆఫ్ ఎర్త్' వెలువడింది. కథానాయిక పేరు మేరీ రోజర్స్. జీవితమంతా ఆగ్నెస్‌దే.

ఈ నవలలో భారతీయ పాఠకులను ఉలిక్కిపడేలా చేసే భాగం ఒకటుంది. ఉద్యమంలో ఉన్న ఒక భారతీయుడు మేరీ గదిలోకి వచ్చి ఆమె మీద అత్యాచారం చేస్తాడు. ఎవరికీ చెప్పొద్దంటాడు. ఏళ్ల తర్వాత ఆమె మరో భారతీయ విప్లవకారుడిని పెళ్లాడితే, అదే మనిషి దాన్నే ఆయుధంగా చేసుకుని భర్త పరువు తీయాలని చూస్తాడు. నేరం చేసినవాడు తలెత్తుకు తిరుగుతాడు. సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆమె. ఆ భర్త కూడా ఆమెనే ప్రశ్నిస్తాడు. ఉద్యమం దెబ్బతినకూడదని ఆమె నోరు మూసుకోవాలి. కాపురం కూలిపోతుంది.

జాతీయోద్యమ చరిత్రలో ఇలాంటి పేజీ ఎవరు రాశారు? త్యాగాలు రాశారు, జైళ్లు రాశారు, ఉరికంబాలు రాశారు. ఉద్యమంలోని ఆడమనిషికి ఉద్యమంలోని మగవాడి నుంచి జరిగిన హింసను, 1929లోనే, భారత స్వాతంత్ర్యాన్ని ప్రాణంగా ప్రేమించిన మనిషే రాసింది. శత్రువుకు అస్త్రం అందించినట్టవుతుందని ఆమె ఆగలేదు. అలాగని ఆ ఉద్యమాన్ని వదులుకోనూ లేదు. నవల రాస్తూనే కలకత్తా 'మోడరన్ రివ్యూ'కి వ్యాసాలు పంపింది, లజపతిరాయ్ పత్రికకు రాసింది. ఇంకోవైపు గర్భనిరోధ ఉద్యమ నాయకురాలు మార్గరెట్ శాంగర్ సాయంతో బెర్లిన్‌లో గర్భనిరోధ క్లినిక్ పెట్టించే పనిలో తిరిగింది. ఈ ధైర్యం ఇవాళ్టి ఉద్యమాలకూ, పార్టీలకూ, సంఘాలకూ పాఠ్యాంశం కావాలి.

కొంతకాలానికి నవల మరుగున పడింది. 1973లో అమెరికాలోని ఫెమినిస్ట్ ప్రెస్ దాన్ని మళ్లీ అచ్చువేసింది. స్త్రీవాద ఉద్యమం పుంజుకుంటున్న రోజుల్లో కొత్త తరం అమ్మాయిలు దాన్ని వెతుక్కుని చదివారు. తెలుగులోకి రచయిత్రి ఓల్గా 'భూమి పుత్రిక'గా తెచ్చారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది.

షాంఘై, లూ షున్

1928 చివర్లో జర్మన్ పత్రిక 'ఫ్రాంక్‌ఫుర్టర్ జైటుంగ్' విలేకరిగా సైబీరియా మీదుగా చైనా బయల్దేరింది. మరుసటి ఏడాది షాంఘై చేరింది. చైనా భాష పెద్దగా రాదు. దుబాసీల సాయంతోనే తిరిగింది. అయినా ఆమె చూసినవి చాలామంది చూడలేదు.

1930లో కాంటన్ దగ్గరి పట్టు పరిశ్రమ ప్రాంతానికి వెళ్లింది. వేలాది ఆడపిల్లలు పట్టు దారం తీసే మిల్లుల్లో పనిచేస్తున్నారు. వాళ్లలో చాలామంది పెళ్లి వద్దని ప్రమాణం చేసుకుని కలిసి బతుకుతున్నవాళ్లు. వెంట వచ్చిన చదువుకున్న పెద్దమనిషికి వాళ్లంటే పరమ అసహ్యం. వాళ్ల పద్ధతుల గురించి ఏవేవో చెప్పాడు. ఆగ్నెస్ వాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చుంది. జీతం రాళ్లు తెచ్చేది ఆడపిల్లలే గనక ఆ పల్లెల్లో ఆడపిల్ల పుడితే ఇల్లు సంబరపడుతోందని గమనించింది. చేతిలో డబ్బున్న ఆడది ఎవరికీ తలవంచదు, అందుకే ఈయనకు కోపం అని రాసింది. బట్టలుతికిన తల్లినీ, డబ్బు పంపిన పిన్నినీ చూసిన కళ్లకు అది అర్థం కావడానికి దుబాసీ అక్కర్లేకపోయింది.

షాంఘైలో మహారచయిత లూ షున్‌తో స్నేహం కుదిరింది. 1930 సెప్టెంబరులో ఆయన యాభయ్యో పుట్టినరోజును రహస్యంగా జరపాలనుకున్నప్పుడు ఓ విదేశీ హోటల్‌ను తన పేరు మీద మాట్లాడి పెట్టింది ఆగ్నెసే. లోపల రచయితలు, నటులు, విద్యార్థులు. బయట గుమ్మం దగ్గర ఆమె కాపలా. 1931 ఫిబ్రవరిలో ఐదుగురు యువ రచయితలను ప్రభుత్వం కాల్చి చంపింది. లూ షున్ కుంగిపోయాడు. విదేశీ పాఠకుల కోసం ఒక వ్యాసం రాసి ఆమె చేతికిచ్చాడు. ఇది అచ్చయితే మిమ్మల్ని చంపేస్తారని ఆమె చెప్పింది. ఎవరో ఒకరు మాట్లాడాలి కదా అన్నది ఆయన జవాబు. ఆమె దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చే ఏర్పాటు చేసి అమెరికాకు పంపింది. జర్మన్ చిత్రకారిణి కేథే కోల్విట్జ్ ముద్రణా చిత్రాలను లూ షున్ సొంత ఖర్చుతో పుస్తకంగా వేసినప్పుడు ముందుమాట కూడా ఆమెదే.

సైన్యం వెంట

1936 డిసెంబరులో చైనా పాలకుడు చియాంగ్ కై షేక్‌ను సొంత సేనానులే సియాన్‌లో నిర్బంధించారు. ఆగ్నెస్ అప్పుడు ఆ ఊళ్లోనే ఉంది. రేడియోలో ఇంగ్లీషు ప్రసారాలు చేసి ప్రపంచానికి వార్త చెప్పింది. ఆ వెంటనే కమ్యూనిస్టుల స్థావరం యెనాన్ వెళ్లింది. మావో, చౌ ఎన్ లై అందరినీ కలిసింది గానీ ఆమె మనసు దోచింది ఎర్ర సైన్యాధిపతి చూటే. రైతుబిడ్డ. ముఖం చూస్తే సేనాని అనిపించడు. ఆయన బాల్యం, తల్లి పడ్డ కష్టాలు చెబుతుంటే ఆగ్నెస్ రాసుకోలేక ఆగిపోయేది. తన తల్లీ ఆయన తల్లీ ఒకరే అనిపించిందట.

యెనాన్‌లోనూ ఆమె ఒదగలేదు. సేనానులకు పాశ్చాత్య నాట్యం నేర్పింది. నాయకుల భార్యలకు అది నచ్చలేదు. లాంగ్ మార్చ్‌లో నడిచొచ్చిన ఆ స్త్రీల కోపంలో న్యాయం లేకపోలేదు. వాళ్ల కష్టాన్ని అర్థం చేసుకునే ఓపిక ఆగ్నెస్ చూపలేదనే అనిపిస్తుంది. గొడవ ముదిరి ఆమె అక్కణ్నుంచి వెళ్లాల్సి వచ్చింది. కమ్యూనిస్టు పార్టీలో చేర్చుకోమని అడిగితే, బయట ఉంటేనే ఎక్కువ ఉపయోగమని కాదన్నారు. ఆ మాటకు ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పుడే ఆమె చేసిన పని ఒకటి మన దేశంతో ముడిపడింది. జపాన్ దాడుల్లో గాయపడిన సైనికులకు మందుల్లేవు, వైద్యుల్లేరు. 1937 నవంబరులో చూటే జవహర్‌లాల్ నెహ్రూకు సాయం కోరుతూ లేఖ రాశాడు. ఆ ప్రయత్నం వెనుక ఆగ్నెస్ ఉంది. నెహ్రూతో ఆమెకు ఉత్తరాల పరిచయం పాతదే. కాంగ్రెస్ ఐదుగురు వైద్యులను పంపింది. 1938లో చైనా చేరిన ఆ బృందంలో ఒకరు షోలాపూర్ యువకుడు డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్. 1942లో ఆయన చైనాలోనే కన్నుమూశారు. కోట్నీస్ కథ సినిమాగా మనకు తెలుసు. ఆ కథకు దారి వేసినవాళ్లలో ఆగ్నెస్ ఉందన్నది అంతగా తెలీదు.

1938 నుంచి కమ్యూనిస్టుల కొత్త నాలుగో సైన్యం, గెరిల్లా దళాల వెంట తిరిగింది. ఒంట్లో నలత, వీపు నొప్పి. ఆ దళాల్లో ఒకదాంట్లో షెన్ అనే పదేళ్ల పిల్లాడిని ఆమెకు సహాయకుడిగా ఇచ్చారు. అనాథ. నీళ్లు కాచిపెట్టడం, గడ్డి పరుపు వేయడం, దారిలో ఆమె పడిపోకుండా చూడటం అతని పని. రాత్రిళ్లు అక్షరాలు దిద్దుకునేవాడు. అమ్మ కావడమంటే జీవితమంతా భయపడ్డ మనిషి ఆ పిల్లాణ్ని పెంచుకుంటానని అడిగింది. పిల్లాడినే అడగమన్నారు. యుద్ధం అయ్యేదాకా అందరం ఇక్కడే ఉండాలి, గెలిచాక చూద్దాం అన్నది ఆ పిల్లాడి నిర్ణయం. ఆమె ఒంటరిగా కదిలింది. 'బాటిల్ హిమ్ ఆఫ్ చైనా'లో అన్నిటికన్నా గుండె పిండే అధ్యాయం అదే. 1943లో వచ్చిన ఆ పుస్తకం యుద్ధ విలేకరుల రచనల్లో ఇప్పటికీ మొదటి వరుసలో నిలుస్తుంది.

గూఢచారి అన్న ముద్ర

అనారోగ్యంతో 1941లో అమెరికా తిరిగొచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో రచయితలకు ఆశ్రయమిచ్చే యాడోలో కొన్నేళ్లుండి చూటే జీవిత చరిత్ర రాసింది. యుద్ధం ముగిసి కమ్యూనిస్టు వ్యతిరేకత ముదిరాక ఎఫ్‌బీఐ నిఘా బిగిసింది. 1949 ఫిబ్రవరిలో టోక్యోలోని అమెరికా సైనిక కేంద్రం తయారుచేసిన నివేదిక బయటికొచ్చింది. సోవియట్ గూఢచారి రిచర్డ్ సోర్గే ముఠాలో ఆమె సభ్యురాలని అందులో ఉంది. ఆమె రేడియోలో సవాలు చేసింది. పరువునష్టం దావా వేస్తానంది. వారం పది రోజుల్లో సైన్యం వెనక్కి తగ్గింది.

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. 1930లో షాంఘైలో సోర్గే ఆమెకు బాగా దగ్గర. పట్టుబడ్డాక జైల్లో ఇచ్చిన వాంగ్మూలంలో ఆమె సాయాన్ని ఆయనే చెప్పాడు. సోర్గేతో పాటు జపాన్ ఉరితీసిన పాత్రికేయుడు ఒజాకి ఆమె నవలను జపనీస్‌లోకి అనువదించినవాడు. 2005లో జీవిత చరిత్ర రాసిన రూత్ ప్రైస్ ఆమెను నిర్దోషిగా నిరూపించాలని బయల్దేరి, మాస్కో దస్తావేజులు చూశాక, ఆమె రహస్య కార్యకలాపాల్లో పాల్గొన్నదనే తేల్చింది. తన కోసం నిలబడిన మిత్రులకు కూడా ఆగ్నెస్ ఆ సంగతి చెప్పలేదు. అది తప్పే. కానీ జపాన్ సైనికవాదం మీద పోరాడేవాళ్లకు సమాచారం అందించడం ఒకటి, అమెరికాకు ద్రోహం చేయడం ఇంకొకటి. రెండోదానికి రుజువు ఎవరూ చూపలేదు.

ముద్ర మాత్రం పోలేదు. రచనలు వేసుకునేవాళ్లు తగ్గారు, ఉపన్యాసాలకు పిలిచేవాళ్లు తగ్గారు. చైనాలో విప్లవం గెలిచింది, తనకు వెళ్లాలని ఉంది. 1949 చివర్లో ఇంగ్లండ్ చేరింది. కడుపులో పుండుకు శస్త్రచికిత్స జరిగాక 1950 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో చనిపోయింది. వయసు 58. ఆస్తి అంటూ ఉన్న రచనల రాబడిని చూటేకు రాసింది. అస్థికలు చైనాలో ఉంచమంది. 1951లో బీజింగ్‌లోని బాబావోషాన్ శ్మశానంలో ఖననం చేశారు. సమాధి ఫలకం మీది అక్షరాలు చూటే చేతిరాత. చూటే జీవిత చరిత్ర 'ది గ్రేట్ రోడ్' 1956లో అమెరికాలో వచ్చింది.

ఆగ్నెస్‌ను చైనా పుస్తకాలతోనే తెలుసుకుంటే సగమే దొరుకుతుంది. మిగతా సగం 'భూమి పుత్రిక'లో ఉంది. పాత పుస్తకాల దుకాణంలోనో గ్రంథాలయంలోనో వెతికి పట్టుకోండి. ఇంట్లో కాలేజీకి వెళ్లే అమ్మాయి ఉంటే ముందు ఆమె చేతికివ్వండి, ఆ తర్వాత మీరు చదవండి.